చెయ్యి దూరని కూజా

బుడితి,
శ్రీకాకుళం జిల్లా.

చిరంజీవి అమ్మడుకి నాన్న ఆశీస్సులు.

ఆ రోజు ఫోన్‌లో విసుక్కున్నాను. మెకానికల్ చదివి, చేతిలో ఉన్న ఉద్యోగం మానేసి మళ్లీ డిజైన్‌లో పీజీ, అదీ రీసెర్చ్ అంటే నాకు తల తిరిగింది. "బొమ్మలు గీయడానికి పరిశోధన ఏంటమ్మా" అనేశాను. మీ అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదులే.

నువ్వు పంపిన కాగితాలు పక్కింటి కుర్రాడి చేత చదివించుకున్నాను. అమెరికా నుంచి వచ్చిన ఈమ్స్ దంపతులు, వాళ్లూ డిజైనర్లే, 1958లో మన ప్రభుత్వానికి డిజైన్ చదువు గురించి నివేదిక ఇచ్చారట, ఆ తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ అనే డిజైన్ కాలేజీ వచ్చిందట. వాళ్లు ఇక్కడ చూసిన వస్తువులన్నిటిలో బాగా మెచ్చుకున్నది చెంబునట! ఎన్ని నీళ్లు పట్టాలి, చంకన పెట్టుకుంటే ఎలా ఉంటుంది, నెత్తిన పెట్టుకుంటే ఎలా ఉంటుంది, ఖరీదెంత అని వరసపెట్టి ప్రశ్నలు. చింతపండూ బూడిదా పెట్టి తోమడం కూడా రాశారంటే మీ నాయనమ్మ ఒకటే నవ్వు.

అది విన్నాక నాకు పాత సంగతి గుర్తొచ్చింది. నీ చిన్నప్పుడు ఒక వ్యాపారి పట్నంలో గీయించిన బొమ్మ తెచ్చి మన కొలిమిలో నలభై ఇత్తడి కూజాలు చేయించుకున్నాడు. సన్నటి మెడ, చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. రెండు నెలల్లో అన్నీ తిరిగొచ్చాయి. లోపల చిలుము. చెయ్యి దూరదు, ఇంక తోమేదెలా? వాటిని మళ్లీ కరిగించడానికైన బొగ్గు ఖర్చు కూడా మన మీదే పడింది. గీసినవాడు ఏనాడూ గిన్నె తోమి ఉండడు. కానీ నాకు తెలుసు కదా! ఆర్డర్ పోతుందేమోనని నోరు విప్పలేదు.

లోహం సంగతి ఒకరికి, తోమే చేతి సంగతి ఇంకొకరికి, అమ్మకం సంగతి వేరొకరికి తెలుస్తుంది. నీ క్లాసులో రకరకాల చదువులవాళ్లు ఉంటారని నువ్వు అన్నది ఇందుకేనేమో. అలాగైతే చదువుకో తల్లీ.

డిజైన్ పీజీలో చేరడానికి రాసే సీడ్ పరీక్ష బొంబాయి ఐఐటీవాళ్లు పెడతారన్నావు, ఫీజు కట్టెయ్. కాలేజీ పేరు చూసి చేరిపోకు. నీకు గైడుగా ఉండేవారు ఏ పని మీద ఉన్నారో, వాళ్ల దగ్గర చదివినవాళ్లు ఏం చేశారో ముందు కనుక్కో. మా పనిలోనూ కొలిమిని చూసి ఎవరూ చేరరు, మేస్త్రీని చూసే చేరతారు.

ఆ నలభైలో ఒకటి అటక మీద ఉండిపోయింది. పండక్కి వచ్చినప్పుడు పట్టుకెళ్లు. లోపలి చిలుము అలాగే ఉంచాను, తోమించకు.

మీ నాన్న