చెవితో టైమింగ్ పెడితే ఇప్పటి పెట్రోలుకు చాలదు

సంపాదకులకు నమస్కారం.

పాత పెట్రోలు అంబాసిడర్లను షెడ్డుల్లోంచి బయటికి తీసి, లేత్ షాపులో హెడ్ ఫేసింగ్ చేయించి (సిలిండర్ హెడ్ అడుగు కోయించి), ఒక కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్నచోట రెండు ఎస్.యు. కార్బురేటర్లు ఎక్కించి నడిపేవారు విజయనగరం, శ్రీకాకుళం రోడ్ల మీద కనిపిస్తున్నారు. ఆ బళ్ళు బతకాలని కోరుకునేవాళ్ళలో మేమూ ఉన్నాం. కాని వాటిలో కొన్ని సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేలోపే రేడియేటర్ మరిగి ఆగిపోతున్నాయి. హెడ్ గాస్కెట్లు పోతున్నాయి, పిస్టన్లు కరుగుతున్నాయి. నింద అంతా పెట్రోలులో కలిపే ఇథనాల్ మీద పడుతోంది. దాని వాటా దానికి ఉంది. పెద్ద వాటా మాత్రం మన టైమింగ్ పద్ధతిది, అంటే ప్లగ్గు ఎప్పుడు నిప్పురవ్వ వేయాలో పెట్టే పద్ధతిది.

ఆ పద్ధతి అందరికీ తెలిసిందే. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే భాగం) బోల్టు వదులు చేసి, టాప్ గేరులో ఎత్తు ఎక్కిస్తూ ఇంజన్ నాక్ కొట్టేదాకా (లోపల టకటకమని శబ్దం వచ్చేదాకా) అడ్వాన్స్ చేసి, అంటే నిప్పురవ్వను ముందుకు జరిపి, కాస్త వెనక్కి తిప్పి బిగించేయడం. 87 ఆక్టేన్ (నాక్ కొట్టకుండా తట్టుకునే కొలత) పెట్రోలు రోజుల్లో అది పనిచేసింది. ఇంజన్ బాగా లాగే చోటుకీ నాక్ మొదలయ్యే చోటుకీ అప్పట్లో దూరం తక్కువ. ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఆక్టేన్ 95. కంప్రెషన్ తక్కువ ఉన్న పాత ఇంజనులో ఇది తొందరగా నాక్ కొట్టదు. చెవి పెట్టుకుని ఎదురుచూస్తుంటే మంచి చోటు దాటి ఎన్ని డిగ్రీలు ముందుకు పోయామో తెలియదు. అక్కడి నుంచి పెరిగేది పుల్లింగ్ కాదు, పిస్టన్ మీదా హెడ్ మీదా పడే ఒత్తిడీ వేడీ. కాబట్టి టైమింగ్‌ను చెవికి వదలకుండా డిగ్రీల్లో కొలవాలి.

కొలిచే ముందు రెండు పనులు. ట్యాపెట్లు (వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య గ్యాప్) చల్లని ఇంజన్ మీద 0.015 అంగుళానికి పెట్టాలి. సీసం లేని పెట్రోలుతో పాత ఎగ్జాస్టు సీట్లు అరిగి వాల్వు పైకి జరుగుతుంది, గ్యాప్ దానంతట అదే తగ్గిపోతుంది. వాల్వులు కాలడానికి ఇదొక ముఖ్య కారణం. తర్వాత పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటు తెంచి నిప్పురవ్వ పుట్టించే కాంటాక్టులు) 0.014 నుంచి 0.016 అంగుళం మధ్య పెట్టాలి. పాయింట్ల గ్యాప్ పెంచితే టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది, తగ్గిస్తే వెనక్కి పోతుంది. టైమింగ్ పెట్టేశాక పాయింట్లు ముట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును చేత్తో పక్కకి ఊపి చూడండి. బుష్ అరిగి ఆట ఉంటే గ్యాప్ చుట్టుచుట్టుకీ మారుతుంది. అలాంటి దానిమీద ఎంత ఓపికగా పెట్టినా టైమింగ్ నిలవదు, ముందు బుష్ మార్చాలి.

పుల్లీ మీద గుర్తు సరైనదో కాదో చూడకుండా టైమింగ్ లైటు (నిప్పురవ్వతో పాటే మెరిసే లైటు) కొట్టడం వృథా. ఎన్నో చేతులు మారిన ఇంజన్లలో పుల్లీ, టైమింగ్ కవరు వేరే బండివి అయి ఉండవచ్చు. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒకటో సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో పిస్టన్‌కు అడ్డుపడే స్టాపర్ బిగించి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పి, తగిలినచోట పుల్లీ మీద గీత పెట్టాలి. వెనక్కి తిప్పి రెండోవైపు తగిలినచోట ఇంకో గీత. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన ఉన్నదే టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు). స్టార్టరు మాత్రం కొట్టకూడదు, పిస్టన్ పగులుతుంది. తర్వాత పుల్లీ చుట్టుకొలతను టేపుతో కొలిచి 360తో భాగిస్తే ఒక డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. చుట్టుకొలత 420 మి.మీ. అయితే 32 డిగ్రీలకు 37 మి.మీ. టీడీసీ గుర్తు నుంచి అంత దూరంలో తెల్లరంగుతో గీత పెట్టుకుంటే మామూలు టైమింగ్ లైటే సరిపోతుంది.

ఈ 1489 సీసీ ఇంజనుకు వాక్యూమ్ పైపు (కార్బురేటర్ పీల్పుతో డిస్ట్రిబ్యూటర్‌కు అదనపు అడ్వాన్స్ ఇచ్చేది) పీకి మూసేసి, 3500 నుంచి 4000 ఆర్.పి.ఎం. దగ్గర మొత్తం అడ్వాన్స్ 30 నుంచి 33 డిగ్రీల మధ్య ఉంటే చాలు. హెడ్ బాగా కోసి కంప్రెషన్ పెంచినవాటిని 30 దగ్గరే ఆపడం క్షేమం. స్లోలో (యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజన్ తిరిగేటప్పుడు) ఎంత పెట్టాలన్నది దీన్నిబట్టి వెనక్కి లెక్క కట్టాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల ప్లేటు విప్పితే, వేగం పెరిగేకొద్దీ విచ్చుకుని అడ్వాన్స్ పెంచే వెయిట్ల దగ్గర ఒక పలక మీద అంకె గుద్ది ఉంటుంది. 10 అని ఉంటే డిస్ట్రిబ్యూటర్ దగ్గర 10 డిగ్రీలు. డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టు తిరిగేలోపు క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది కనుక క్రాంకు దగ్గర అది 20. అంటే స్లోలో 12 పెడితే పైన 32 వస్తుంది. అదే పలక మీద 15 ఉంటే, స్లోలో అదే 12 పెట్టినందుకు పైన 42 డిగ్రీలు అయిపోతుంది. ఇంజన్ స్లోలో ముచ్చటగా తిరుగుతుంది, ఘాట్‌లో పిస్టన్ పోతుంది. వేరే బండి డిస్ట్రిబ్యూటర్ తెచ్చి వేసేవాళ్ళు ఈ అంకె చూడకుండా బిగించవద్దు. ఈ ఇంజనులో రోటరు పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరుగుతుంది, కాబట్టి అడ్వాన్స్ చేయాలంటే బాడీని గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పాలి. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2.

రెండు కార్బురేటర్లు ఎక్కించినప్పుడు వాక్యూమ్ పైపుకు చోటు లేదని వదిలేయడం మామూలైపోయింది. అది తప్పు. నేషనల్ హైవే మీద సగం యాక్సిలరేటరుతో నిలకడగా పోయేటప్పుడు సిలిండర్‌లో పడే గ్యాస్ పలచగా ఉండి మెల్లగా మండుతుంది, దానికి అదనపు అడ్వాన్స్ కావాలి. అది లేకపోతే మైలేజీ పోతుంది, ఎగ్జాస్టు ఎర్రగా కాలుతుంది. ఒక కార్బురేటర్ బటర్‌ఫ్లై అంచు దగ్గర ఉండే చిన్న గొట్టం నుంచి పైపు తప్పక ఇవ్వాలి.

ప్లగ్గులకు హై వోల్టేజీ ఇచ్చే కాయిల్ సంగతి ఒక్క మాట. 1.5 ఓముల కాయిల్‌ను బల్లాస్ట్ (కరెంటు తగ్గించే రెసిస్టర్) లేకుండా పాయింట్లకు కలిపితే 12 వోల్టుల మీద 8 ఆంపియర్లు పోతాయి, పాయింట్లు తొందరగా కాలిపోతాయి. 3 ఓములదైతే 4 ఆంపియర్లే.

ఇగ్నిషన్ అంతా నిలిచాకే కార్బురేటర్ మీద చెయ్యి వేయాలి. ముందు చేస్తే చేసిందంతా మళ్ళీ చేయాల్సిందే, ఎందుకంటే టైమింగ్ మారితే స్లో మారుతుంది, స్లో మారితే మిక్స్చర్ మారినట్టు అనిపిస్తుంది. ఎస్.యు.లో పైన డాంపర్ (ఆయిలులో ఉండి కదలికను నెమ్మది చేసే కడ్డీ) తీసి, లోపల లేచి దిగే కార్బురేటర్ పిస్టన్‌ను ఎత్తి వదిలితే టక్కుమని శబ్దం చేస్తూ కిందపడాలి. పడకపోతే జెట్టు (పెట్రోలు వచ్చే గొట్టం) మధ్యలో లేదు, నీడిల్ (పిస్టన్ కింద ఉండే సూది) రాసుకుంటోంది. నీడిల్ భుజం పిస్టన్ అడుగుకు సమంగా ఉండాలి. పిస్టన్ స్ప్రింగులు రెండూ ఒకే రంగువి కావాలి. మిక్స్చర్ పెంచాలని స్ప్రింగు సాగదీయడం కొందరు చేసే పని. దానితో రెండు కార్బురేటర్లు రెండు రకాలుగా లేస్తాయి, తర్వాత ఎవరు పట్టుకున్నా కుదరవు. డాంపర్‌లో 20 నంబరు ఆయిలు పోయాలి. గేర్ ఆయిలు పోస్తే రేస్ ఇవ్వగానే నల్లపొగ వస్తుంది, ఆయిలే లేకపోతే కార్బురేటర్‌లోంచి టప్పుమని ఎదురు కొడుతుంది.

రెండు జెట్లనూ ముందు బ్రిడ్జికి (జెట్టు చుట్టూ ఉన్న మెట్టుకు) సమంగా తెచ్చి, అక్కడి నుంచి నట్టును 12 ఫ్లాట్లు, అంటే రెండు పూర్తి చుట్లు, కిందికి దించి మొదలుపెట్టాలి. థ్రాటిల్ షాఫ్టు క్లాంపులు వదులు చేసి, రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటర్ నోట్లో పెట్టి, రెంటి బుస ఒకేలా వినిపించేదాకా స్లో స్క్రూలు సరిచేయాలి. ఇక్కడ చెవి పనికొస్తుంది. తర్వాత పిస్టన్‌ను పిన్నుతో సుమారు 0.8 మి.మీ. ఎత్తి చూడాలి. ఆర్.పి.ఎం. పెరిగి అలాగే నిలిస్తే మిక్స్చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ), జెట్టు పైకి తేవాలి. ఇంజన్ ఆగబోతే లీన్ (పెట్రోలు తక్కువ), కిందికి దించాలి. క్షణం పెరిగి మళ్ళీ మామూలుకొస్తే సరిపోయినట్టు. ఒకదాన్ని సవరిస్తే రెండోదాన్ని మళ్ళీ చూడాలి.

ఇథనాల్ వాటా ఇక్కడ వస్తుంది. మామూలు పెట్రోలుకు గాలి నిష్పత్తి (బరువులో ఒక వంతు పెట్రోలుకు కావలసిన గాలి) 14.7 అయితే 20 శాతం ఇథనాల్ ఉన్నదానికి సుమారు 13.5. పాత సెట్టింగుతో నడిపితే ఇంజన్ ఎనిమిది శాతం పైగా లీన్‌గా నడుస్తుంది. ఒకటి నుంచి మూడు ఫ్లాట్లు అదనంగా దించితే స్లో సరవుతుంది కాని, జెట్టు దించితే వచ్చే మార్పు స్లోలో ఎక్కువ, పైన తక్కువ. ఫుల్ లోడుకు లావు తగ్గిన రిచ్ నీడిల్ వేయకపోతే ఘాట్‌లో లీన్‌గానే నడుస్తుంది. వైడ్‌బ్యాండ్ గేజ్ (ఎగ్జాస్టును బట్టి ఈ నిష్పత్తి చూపేది) ఉన్నవారు దాని తెరమీద ఫుల్ థ్రాటిల్‌లో 12.6 నుంచి 12.9 మధ్య చూసుకోవాలి. సాధారణ పెట్రోలు లెక్కన చూపే గేజ్‌కు ఇథనాల్ ఉన్నా అదే అంకె. ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కితే గాలి పలచబడి మిక్స్చర్ కొంచెం రిచ్ అవుతుంది. అక్కడ జెట్టు తిప్పి, కిందికి దిగాక మరిచిపోవడం కంటే ముట్టుకోకపోవడమే మేలు. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం, కార్కు సీళ్ళు ఇథనాల్‌కు తట్టుకునేవి వేసుకోవాలి. నెలల తరబడి నిలబెట్టే బండి ట్యాంకులో, ముఖ్యంగా కళింగపట్నం, భావనపాడు వంటి సముద్రతీర గాలిలో, ఈ పెట్రోలు తేమ పీల్చుకుని నీళ్ళు అడుగున చేరతాయి. ఫ్లోట్ చాంబరు విప్పి కడిగాకే స్టార్ట్ చేయాలి.

ఈ ఉత్తరం ద్వారా రవాణా శాఖ వారికి మా విన్నపం ఒకటుంది. కాలుష్య పరీక్ష కేంద్రాల్లో ఉన్న గ్యాస్ ఎనలైజరే మిక్స్చర్ పెట్టడానికి మనకు అందుబాటులో ఉన్న మంచి పరికరం. బీఎస్-2 (భారత్ స్టేజ్-2 కాలుష్య ప్రమాణాలు) కంటే ముందు తయారైన పెట్రోలు కార్లకు స్లోలో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం. ఇప్పుడు పైపు పెట్టి, అంకె తీసి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేస్తున్నారు. అదనపు రుసుము తీసుకునైనా, పరీక్ష జరుగుతుండగా మెకానిక్కు తెర చూపించి, జెట్లు సరిచేసుకోవడానికి ఓ పావుగంట వ్యవధి ఇవ్వాలి. సైలెన్సర్ జాయింట్లలో లీకు లేకుండా చూసుకుని రావడం మా బాధ్యత, లీకుంటే గాలి కలిసి అంకె తప్పుతుంది. విజయనగరంలో ఒక కేంద్రం, శ్రీకాకుళంలో ఒక కేంద్రం వారానికి ఒక పూట ఇలా కేటాయించినా సరిపోతుంది.

— పాత పెట్రోలు కార్ల మెకానిక్కులు,
కంటోన్మెంట్, విజయనగరం