సంతాపం ఎవరి ఇష్టం వారిది

సంపాదకులకు,

బ్రిటన్ రాణి రెండవ ఎలిజబెత్ 2022 సెప్టెంబరు 8న కన్నుమూశారన్న వార్త రాగానే మన ఫోన్లలో ఎక్కువగా తిరిగినది సంతాపం కాదు, ‘కోహినూర్ తిరిగి ఇవ్వండి’ అన్న డిమాండు. కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రం కనుక ఆ ఉక్రోషంలో తెలుగువాళ్లకూ వాటా ఉంది. దాన్ని తప్పుపట్టను. భౌతికకాయం ఆమె కన్నుమూసిన బాల్మోరల్ కోట దాటకముందే పరాచికాలాడటం మాత్రం నచ్చలేదు. చావింటి ముందు మనం అలా మాట్లాడం కదా!

లండన్‌లో మరో దృశ్యం. రాణి శవపేటికను ఉంచిన వెస్ట్‌మినిస్టర్ హాలు బయట క్యూ ఒక దశలో పది మైళ్లు సాగింది. దాదాపు 2,50,000 మంది శవపేటిక ముందు నుంచి నడిచారు. ఫుట్‌బాల్ క్రీడాకారుడు బెక్‌హామ్ సైతం పన్నెండు గంటలకు పైగా నిలబడ్డాడు. తిరుమల క్యూలు ఎరిగిన నాకు వాళ్ల ఓపిక వింతగా తోచలేదు.

నన్ను కలవరపెట్టింది ఆక్స్‌ఫర్డ్ ఘటన. చార్లెస్‌ను కొత్త రాజుగా ప్రకటిస్తూ చదువుతుండగా ‘ఆయన్ను ఎవరు ఎన్నుకున్నారు?’ అని అరిచిన వ్యక్తిని పోలీసులు పట్టుకెళ్లారు. పార్లమెంటులకు తల్లి అనిపించుకునే దేశంలో ఆ ప్రశ్న నేరమా?

మన ప్రభుత్వం సెప్టెంబరు 11న సంతాప దినం పాటించి జెండాలు అవనతం చేసింది. మర్యాదకు అది చాలు. 1983లో ఆమె బొలారంలోని హోలీ ట్రినిటీ చర్చికి వచ్చారు. అక్కడివారెవరైనా కంటతడి పెడితే వాళ్లను బానిసలనడం అన్యాయం.

— ఒక పాఠకుడు, సికింద్రాబాద్