కారవాన్ బ్యాటరీని లెక్క కట్టి ఎంచుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

బండిలోనే బస చేస్తూ తిరిగే కారవాన్ పర్యాటకానికి మన రాష్ట్రంలో ఊపు వస్తుండటంతో, వ్యాన్లను, మినీ బస్సులను ఆ విధంగా మార్పించుకోవాలనుకునేవారు మా ఆటోనగర్ షెడ్లకు వస్తున్నారు. సీట్లు, పరుపులు, టీవీ గురించి పూటంతా చర్చించేవారు బ్యాటరీ దగ్గరకు వచ్చేసరికి ‘ఏదో ఒకటి పెట్టేయండి’ అనడం నాకు ఆందోళన కలిగిస్తోంది.

ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ వేరు, ఆగి ఉన్న బండిలో ఫ్రిజ్, ఫ్యాను నడిపే బ్యాటరీ వేరు. సెల్ఫ్ కొట్టిన కొద్ది క్షణాల్లో వందల ఆంపియర్లు ఇచ్చేందుకు పలుచని ప్లేట్లతో తయారైన మొదటి రకాన్ని రాత్రంతా వాడి అడుగంటా దించేస్తుంటే, అది నెలల్లోనే పాడవుతుంది. తెల్లారేసరికి బండీ కదలదు. అందువల్ల మందపాటి ప్లేట్ల ట్యూబులార్ బ్యాటరీనో (ఇదీ లెడ్ యాసిడ్ రకమే), లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీనో విడిగా అమర్చుకోవాలి.

ఎంత సామర్థ్యం కావాలన్నది వాడకాన్ని బట్టి తేలాలి. నడుస్తున్నప్పుడు 4 ఆంపియర్లు తీసుకునే 12 వోల్టుల ఫ్రిజ్, మన ఎండల్లో రోజులో సగం సేపు ఆడినా 48 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్). ఫ్యాను, లైట్లు, నీళ్ల పంపు, ఫోన్లు కలిపితే ఆ లెక్క సులువుగా 80కి చేరుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని తరచూ సగానికి మించి దించకూడదు కనుక, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులార్ కూడా ఒక్క రోజుకు చాలదు. సగానికి మించి దించినా తట్టుకుంటుంది కనుక 100 ఆంపియర్ అవర్ల లిథియం సరిపోతుంది, బరువూ చాలా తక్కువే. అయితే దానికి తగిన చార్జర్ ఉండాలి. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి నేరుగా వైరు లాగకుండా, మధ్యలో ఆ కరెంటును అదుపు చేసి ఎక్కించే డీసీ–డీసీ చార్జర్ పెట్టాలి, లేకపోతే ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదముంది. ఇక ఏసీ సంగతి: 1,500 వాట్ల ఏసీకి 12 వోల్టుల దగ్గర 125 ఆంపియర్లకు పైగా కావాలి. అదే ట్యూబులార్ అరగంటకే సగానికి పడిపోతుంది. కాబట్టి రాత్రంతా ఏసీ నడుస్తుందని చెప్పి బండి అమ్మేవారిని ఆ లెక్క కాగితం మీద చూపమని అడగాలి.

నా అనుభవంలో బ్యాటరీలు వాడకం కంటే పడి ఉండటం వల్లే ఎక్కువగా చెడిపోతున్నాయి. సీజన్ అయ్యాక బండిని షెడ్డులో వదిలేస్తే, ట్రాకర్, మ్యూజిక్ సిస్టమ్ వంటివి కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి తిరిగి చార్జ్ ఎక్కదు. నెగటివ్ తీగ విప్పి, నెలకోసారి చార్జ్ చేస్తే ఈ నష్టం ఉండదు. చార్జింగ్ ఆపి కొన్ని గంటలు వదిలేశాక మీటరు ఈ లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2కు వస్తే సగమైనట్టు. డిస్టిల్డ్ వాటర్‌ను చార్జింగ్ పూర్తయ్యాకే గీత వరకు నింపాలి, యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు. ఈ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కనుక, దాన్ని పడక కింద మూసిన పెట్టెలో పెట్టడం ప్రాణాపాయం. గాలి బయటకు పోయే గొట్టం తప్పనిసరి.

కారవాన్లకు అనుమతులు, రాయితీలు ఇచ్చే అధికారులు వాహనం లోపలి హంగులతో పాటు విద్యుత్ లోడు పట్టికను, బ్యాటరీ పాజిటివ్ దగ్గర ఫ్యూజును, ఆ గాలి గొట్టాన్ని కూడా తనిఖీ చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక ఆటో ఎలక్ట్రీషియన్, ఆటోనగర్, విజయవాడ