ఊరికే రాస్తున్నాను

బుజ్జీ,

మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటున్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ప్రత్యేకంగా ఏమీ లేదు. నాన్న బాగానే ఉన్నారు, కళ్ళజోడు ఎక్కడో పెట్టేసి ఇల్లంతా నన్ను వెతకమంటున్నారు. చిన్నాడి పరీక్షలయిపోయాయి, ఎలా రాశావంటే భుజాలెగరేస్తాడు. పద్మ పిన్ని ఫోన్ చేసింది. మాటల్లో మాటగా నీ పాపిడి వెడల్పయిందని, దువ్వెన నిండా జుట్టు వస్తోందని తనతో అన్నావని చెప్పింది. నాకెందుకు చెప్పలేదని అడగటం లేదులే.

కానీ ఆ ఉల్లిపాయ రసం రాత్రంతా తలకు పెట్టుకుని పడుకోవడం ఏమిటే? పొద్దున్నే ఆ వాసనతో ఆఫీసుకి ఎలా వెళ్తున్నావు? ఉల్లిరసం మీద 2002లో ఓ చిన్న పరిశోధన వచ్చిన మాట నిజమే, అయితే అది పేనుకొరుకుడు మీద, అంటే గుండ్రంగా మచ్చల్లా ఊడిపోతుందే, దాని మీద. నీకు తలంతా పలచబడుతోందని కదా పిన్ని చెప్పింది. మాడు మండుతోందంటే మందు పనిచేస్తోందని మనింట్లో అందరికీ ఒక నమ్మకం. మంట మంటే, వెంటనే కడిగెయ్.

కొబ్బరి నూనె వద్దనను. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది, తలస్నానంలో ప్రొటీన్ పోకుండా కాస్త కాపాడుతుంది, మధ్యలో తెగడం తగ్గుతుంది. కుదుళ్ళ నుంచి కొత్త జుట్టు మొలిపించేంత మహత్తు మాత్రం దానికి లేదు. స్నానానికి గంట ముందు పెడితే చాలు. చుండ్రు ఉంటే రాత్రంతా ఉంచకు, చుండ్రు తెచ్చే ఫంగస్ మాడు మీది జిడ్డు తినే బతుకుతుంది, దానికి మనం మళ్ళీ వడ్డించడం ఎందుకు? నిమ్మరసం కూడా వద్దు. ఆ ఫంగస్‌ని అణిచే కీటోకొనజోల్ షాంపూ రాసి కొద్ది నిమిషాలు ఉంచి కడిగేసుకో. రోజ్‌మేరీ నూనె కొన్నావట, వాడు, కానీ చెంచా మామూలు నూనెలో రెండు మూడు చుక్కలు వేసుకోవాలి, నేరుగా పోసుకోకూడదు. దాని మీద 2015లో 100 మందితో పరీక్ష చేశారు, మూడు నెలలకి తేడా ఏమీ కనపడలేదు, ఆరు నెలలకి కనపడింది. నువ్వేమో వారానికోటి మారుస్తున్నావు.

సరళ అత్తయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినన్నాళ్ళూ ఒక్క వెంట్రుక రాలలేదు. తేరుకుని, కాస్త ఒళ్ళు చేసి, అందరం హమ్మయ్య అనుకున్నాక మొదలైంది, తల దువ్వితే పాయలు పాయలుగా వచ్చేది. దిండు మీద రాలినవి లెక్కపెట్టి డబ్బాలో దాచేది, గది ఎవరినీ ఊడ్వనిచ్చేది కాదు. నాయనమ్మ గుంటగలగరాకు నూనె కాచింది, మెంతులు నానబెట్టి రుబ్బింది, చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ ఓ చిట్కా చెప్పి వెళ్ళేవాళ్ళు, అత్తయ్య అన్నీ చేసేది, చేసి ఏడ్చేది. చివరికి పెద్ద వదినగారు ఏదో నూనె పంపారు. కొన్నాళ్ళకి నుదుటి దగ్గర పిల్లవెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచాయి, ఇక చూడు, ఆవిడ ఆ నూనె బంధువులందరికీ సీసాల్లో పంచారు, ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. అసలు జరిగిందేమిటంటే, పెద్ద జ్వరం వస్తే బోలెడు కుదుళ్ళు ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్తాయి, రెండు మూడు నెలలకి ఆ వెంట్రుకలు రాలతాయి, తర్వాత వాటంతటవే మళ్ళీ వస్తాయి. వచ్చే జుట్టు వచ్చే వేళకి ఎవరి నూనె చేతిలో ఉంటే వాళ్ళకి పేరు.

అందుకే అడుగుతున్నాను, మూడు నెలల కింద నీకేమైంది? సరిగ్గా అప్పటి నుంచే ఫోన్లు తగ్గించావు. జ్వరం వస్తే దాచావా? బరువు తగ్గాలని తిండి మానేశావా? అలా ఒక్కసారిగా తగ్గినా రాలుతుంది. లేక ఆ ప్రాజెక్టు టెన్షనా? చెప్తే ఏమీ అనను.

ఏమీ అననన్నాను కానీ ఇది విను. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే, దానికి భయపడకు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. ఐరన్ తక్కువుంటే ఎన్ని నూనెలు పోసినా దండగే. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ బిళ్ళలు మింగుతుంటే డాక్టరుకి ముందే చెప్పు, అవి థైరాయిడ్ అంకెల్ని తారుమారు చేస్తాయి. బిగించి జడ లాక్కోకు, పాపిడి దగ్గర కుదుళ్ళు అలాగే పోతాయి. మచ్చలుగా ఊడినా, చీము పట్టినా, నొప్పి ఉన్నా ఆగొద్దు, వెంటనే చర్మ డాక్టరుకి చూపించు. ఆరు నెలలు దాటినా పాపిడి ఇంకా వెడల్పవుతుంటే అది వంశపారంపర్యం కావచ్చు, అమ్మమ్మకి అలాగే ఉండేది. దానికి చిట్కాలు చాలవు, మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. జుట్టు పెరిగేదే నెలకి ఓ సెంటీమీటరు, రోజూ అద్దం ముందు నిలబడితే ఏం కనపడుతుంది?

పొడుగైపోయింది, నీకు చదివే ఓపిక ఉండదు. ఆదివారం పొద్దున్న వీడియో కాల్ చేస్తాను. కిటికీ దగ్గర కూర్చుని తల వంచి చూపించు. ముందు రోజు నూనె మాత్రం పెట్టకు, నూనె తలైతే ఇంకా పలచగా కనపడుతుంది, నాన్న అనవసరంగా కంగారు పడతారు.

అమ్మ