ఒక్క కథని అచ్చుదాకా నడిపించు

విజయనగరం,
ఆదివారం

ఒరేయ్ బావా,

ఉద్యోగం మానకుండానే కథారచన, పుస్తక ప్రచురణ చదువుతానని రాశావు. ఎంత సంతోషం వేసిందో! అడిగావు గనక అన్నీ రాసేస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఇగ్నోలో, అంటే ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, ఇవి రెండు వేర్వేరు కోర్సులు. ఇంగ్లీషులో సృజనాత్మక రచనకి డిప్లొమా, పుస్తక ప్రచురణకి పీజీ డిప్లొమా. రెండూ దూరవిద్యే. ఒకే ఏడు రెండూ నెత్తికెత్తుకోకు. ఉద్యోగస్తులు దెబ్బతినేది పరీక్షల దగ్గర కాదురా, అసైన్‌మెంట్ల దగ్గర. గడువుకి నెల ముందే ముగించేలా చూసుకో. పాఠాలు ఇంగ్లీషులో ఉన్నా సాధన తెలుగులోనే చెయ్యి. మన శ్రీకాకుళం యాస నీ పాత్రల నోట పలకాలంటే వేరే దారి లేదు.

నా మాట విని ఏడాదికి ఒకే కథ పెట్టుకో. దాన్ని చిత్తుప్రతి నుంచి అచ్చుదాకా నువ్వే నడిపించు. సగం సగం రాసిన పది కథల కంటే అదే ఎక్కువ నేర్పుతుంది. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే గంట చాలు. పదిహేను వందల మాటల చిత్తు అయ్యాక రెండు వారాలు దాని మొహం చూడకు. తర్వాత పైకి చదువు. నాలుక తడబడిన చోటల్లా పెన్సిల్ గీత పెట్టు. చాలా కథలకి మొదటి పేరా అక్కర్లేదు, కథ రెండో పేరాలో మొదలవుతుంది.

ఇంకో జబ్బు ఉంది. “ఆమెకి బాధేసింది. అన్నం కలిపింది గానీ ముద్ద ఎత్తలేదు” అని రాస్తాం. ముద్ద ఎత్తలేదన్నాక బాధ సంగతి చెప్పక్కర్లేదు కదా! మొదటి వాక్యం కొట్టెయ్యి. పాఠకుడికి అందదేమోనన్న భయంతోనే రెండూ ఉంచుతాం.

ముగ్గురికి తలో ప్రతి ఇవ్వు, వరసల మధ్య ఖాళీ బాగా వదిలి. “ఎలా ఉంది?” అని అడక్కు. “ఎక్కడ ఆగిపోయావు? ఎక్కడ అర్థం కాలేదు?” అని అడుగు. వాళ్ళు చెబుతుంటే మధ్యలో కథని సమర్థించకు. ఇద్దరు ఒకే చోట ఆగితే లోపం అక్కడే ఉన్నట్టు. వాళ్ళు చెప్పే మందు తప్పైనా కావచ్చు గానీ నొప్పి నిజమే.

తిరగరాయడం చిన్నతనం అనుకోకు. మా ఊరి గురజాడ కన్యాశుల్కం 1892లో రంగమెక్కింది, 1897లో అచ్చయింది. అయినా ఆయన మళ్ళీ కూర్చుని 1909కి దాదాపు కొత్త నాటకం చేసేశాడు. మీ శ్రీకాకుళంలోనే కారా మాస్టారు, అదే కథకుడు కాళీపట్నం రామారావు, 1997లో పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయం ఉంది. నీకిష్టమైన కథ ఏదైనా పత్రికలో పడ్డ రూపం, సంపుటిలో చేరిన రూపం అడిగి రెండూ పక్కపక్కన పెట్టి చదువు. ఏ మాట పోయిందో, ఏది వచ్చిందో రాసుకో.

పత్రికకి పంపేటప్పుడు కథ సొంతమనీ, అనువాదం కాదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం జతచెయ్యి. ఒకే కథ రెండు చోట్లకి పంపకు.

ఇక కథలు కొన్ని పోగయ్యాక వేసే పుస్తకం. హక్కుల కాగితం చదవకుండా సంతకం పెట్టకు. కాపీరైట్ రిజిస్టర్ చెయ్యకపోయినా రాసిన క్షణం నుంచే నీది. నీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది. హక్కు రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగానే లెక్కిస్తుంది. అయినా “మొదటి ముద్రణకి మాత్రమే” అని స్పష్టంగా రాయించుకో. ఐఎస్‌బీఎన్, అంటే ప్రతి పుస్తకానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య, మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. దానికి డబ్బడిగే మధ్యవర్తి జోలికి పోకు.

ప్రెస్సులో లెక్క ఫారాల్లో ఉంటుంది, ఫారం అంటే ఒక్కసారిగా అచ్చువేసి మడిచే పెద్ద కాగితం, ఫారానికి 16 పేజీలు. నీది 100 పేజీలొస్తే 7 ఫారాలు, అంటే 112 పేజీలు పడతాయి, 12 ఖాళీ. 96కి కుదించు, లేదా మరో చిన్న కథ చేర్చు. అంత సన్నటి పుస్తకానికి వీపు మీద పేరు సరిగ్గా కూర్చోదు, పట్టుబట్టకు.

ప్రూఫుల దగ్గర, అంటే అచ్చుకి ముందు తప్పులు దిద్దడానికి ఇచ్చే ప్రతుల దగ్గర మాత్రం ప్రాణం పెట్టు. కంప్యూటర్లో పేజీలు కూర్చే డీటీపీ వాళ్ళు పాత పద్ధతి అను ఫాంట్ల నుంచి, ఇప్పుడు అన్ని కంప్యూటర్లలో నడిచే యూనికోడ్‌కి మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి. ‘సాఫ్ట్‌వేర్’లో ట కింద వ ఒత్తు వచ్చి కూర్చుంటుంది. ‘అర్థం’ బదులు ‘అర్ధం’ పడితే భావం కాస్తా సగమైపోతుంది. మొదటిసారి ఒకరు మూలం పైకి చదువుతుంటే నువ్వు ప్రూఫు చూడు. రెండోసారి శీర్షికలు, పేజీ నంబర్లు, విషయసూచిక మాత్రమే చూడు. మూడోసారి దిద్దిన వరసతో పాటు పైవరస, కిందివరస కూడా చదవాలి. ఒక మాట మారితే పేరా అంతా కదిలి కొత్త తప్పులు పుడతాయి.

అచ్చయ్యాక 30 రోజుల్లో ప్రచురణకర్త కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపాలి, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకి తలో ప్రతి. ఇది చట్టం, మర్చిపోకు.

చిత్తు అవగానే నాకో ప్రతి పోస్టులో పంపు. మార్జిన్ రెండు వేళ్ళ వెడల్పు వదులు, పెన్సిల్ చెక్కి ఉంచుతాను.

నీ
బావ