మా అమ్మకు తోడు నిలిచిన పర్లాకిమిడి వారికి కృతజ్ఞతలు

పర్లాకిమిడిలో మా అమ్మ ఉంటున్న వీధిలోని పెద్దలకు, పిల్లలకు, వీధి మొగలోని ఆటో సోదరులకు, అమ్మకు ఫోను చేస్తున్న కళాశాల విద్యార్థులకు మా కుటుంబం తరఫున నమస్కారాలు. మీకు విడివిడిగా ఇదివరకే కృతజ్ఞతలు చెప్పుకున్నప్పటికీ, చేసిన మేలును నలుగురి ముందు చెప్పడం మా ధర్మమని భావించి ఇది రాస్తున్నాను. మీలో చాలామంది వద్దన్నందువల్ల ఎవరి పేరూ రాయడం లేదు.

నాన్నగారు పోయిన తరువాత అమ్మ ఆ ఇల్లు విడిచి రానన్నది. నేను హైదరాబాదులో, తమ్ముడు సూరత్‌లో ఉద్యోగాలలో ఉన్నాము. ఆమెకు తిండికీ మందులకూ లోటు లేదు, మేము రోజూ ఫోను చేస్తూనే ఉన్నాము, ఎప్పుడు అడిగినా "నాకేం, నిక్షేపంలా ఉన్నాను" అనేది. అయితే 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరిన ఆ ఊరిలో, ఆంధ్రలోని పాతపట్నం పక్కనే ఉన్నా, మా వీధిలోని తెలుగు కుటుంబాలు ఒక్కొక్కటిగా శ్రీకాకుళానికో విశాఖపట్నానికో తరలిపోవడంతో, అరుగు మీద కూర్చుని ఆమెతో తెలుగులో మాట్లాడేవారు కరవయ్యారు. క్రమంగా గుడికి వెళ్ళడం మానింది, పేరంటాలకు పిలిచినా ఏదో ఒక నెపం చెప్పేది.

దీనికి కారణం మొదట కనిపెట్టినది ఎదురింటి విశ్రాంత ఉపాధ్యాయిని గారు. ఆమె ఒడియావారు, తెలుగు చక్కగా మాట్లాడతారు. మా అమ్మ మనుషులను తప్పించుకోవడం లేదనీ, నలుగురు ఒకేసారి మాట్లాడితే మాట అందక, మళ్ళీ మళ్ళీ అడగడానికి మొహమాటపడి దూరంగా ఉంటోందనీ గ్రహించి మాకు చెప్పినది ఆవిడే. బరంపురం తీసుకువెళ్ళి చెవి పరీక్ష చేయించడంలోనూ ఆవిడే తోడు వెళ్ళారు. వినికిడి యంత్రం పెట్టుకోగానే అంతా సర్దుకోదు. గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు కూడా పెద్దవై వినిపిస్తాయి కనుక చాలామంది విసుగుపడి దానిని డబ్బాలో పెట్టేస్తారు. మొదట నిశ్శబ్దమైన గదిలో కొద్దిసేపు, ఒక్క మనిషితో మాట్లాడుతూ అలవాటు చేసుకోవాలని చెప్పి, ఆ ఒక్క మనిషి తానే అయి ప్రతి సాయంత్రం వచ్చి కూర్చున్నందుకు ఆవిడకు మేము ఎంతో రుణపడి ఉన్నాము. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో డిమెన్షియాకు, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనాశక్తీ క్షీణించే జబ్బుకు, దారితీసే 14 నివారించదగిన కారణాలను పేర్కొన్నది. వాటిలో వినికిడి లోపమూ ఉన్నది, మనుషులకు దూరమై బతకడమూ ఉన్నది. తక్కువ ఆదాయం గల వృద్ధులకు కేంద్ర ప్రభుత్వం 2017 నుండి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వినికిడి యంత్రాలు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు ఉచితంగా ఇస్తున్నది కాబట్టి, ఇతర కుటుంబాలవారు ఆ సంగతి కూడా గమనించగలరు.

ఇక పిల్లల సంగతి చెప్పాలి. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ ఒడియా బడిలో చదువుతున్న మా వీధి పిల్లలకు తెలుగు అక్షరాలు రావు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిలో ఈ పరిస్థితి రావడం నాకు కష్టంగానే ఉంటుంది, కానీ అది వేరే చర్చ. ఈ పిల్లలకు తెలుగు చదవడం నేర్పమని వారి తల్లులు మా అమ్మను అడిగారు. ఎవరో వచ్చి తనను పలకరించి వెళ్ళడానికీ, తన వల్ల ఒకరికి పని జరగడానికీ ఎంత తేడా ఉన్నదో ఆమె గొంతులోనే మాకు తెలిసింది. రెండు లిపులూ గుండ్రనివే కావడంతో పిల్లలు ఒకదానిని మరొకటిగా చదవడం, ఆమె నవ్వుతూ దిద్దడం, బదులుగా వారు కరెంటు బిల్లులోని ఒడియా ముక్కలు ఆమెకు చదివి వినిపించడం ఇప్పుడు మామూలైపోయింది. ఫోనులో ఇదివరకు మాత్రలు వేసుకున్నావా అని మేము అడగడం, వేసుకున్నానని ఆమె అనడం తప్ప మాట సాగేది కాదు. ఇప్పుడు ఎవరు ఒత్తులు మింగేస్తున్నారో ఆమె చెబుతుంటే మేము వింటున్నాము.

మార్గశిరంలో మనం లక్ష్మీవారం పూజలు చేసుకున్నట్లే ఒడియా ఇళ్ళలో మాణబసా గురువారం జరుపుకొంటారు. ఈసారి నైవేద్యానికి పరమాన్నం మీరే వండాలని పట్టుబట్టి ఆమెను తమ ఇంటికి తీసుకువెళ్ళిన పక్కింటివారికి ప్రత్యేక ధన్యవాదాలు.

వారానికి కొన్నిసార్లు ఫోను చేసే విద్యార్థులు తాము చేసినది ఏముందని అంటున్నారు. 2021లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, అమెరికాలోని టెక్సస్‌లో 240 మంది పెద్దలను తీసుకుని, వారిలో కొందరికి స్వల్ప శిక్షణ పొందిన యువకులు నాలుగు వారాల పాటు ఫోను చేసి మాట్లాడగా, ఫోను రానివారితో పోల్చితే వారిలో ఒంటరితనం, దిగులు తగ్గినట్లు తేలింది. కనుక మీరు చేసినది చిన్న పని కాదు. ఒక స్మార్ట్‌ఫోను కొనిస్తే సరిపోతుందని మాకు సలహా ఇచ్చిన బంధువులు కూడా ఈ సంగతి గమనించాలని నా మనవి. పలకరించే మనిషి లేనప్పుడు ఫోను ఎంత ఖరీదైనదైనా ప్రయోజనం లేదు. తోడు ఎవరూ దొరకని వృద్ధులు ఉదయం 8 నుండి రాత్రి 8 వరకు 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చును. అది వయోవృద్ధుల కోసం ప్రభుత్వం నడుపుతున్న ఎల్డర్‌లైన్.

పింఛను రోజున వీధిలోని పెద్దవాళ్ళందరినీ ఒకే ఆటోలో తీసుకువెళ్ళి, పని అయ్యాక టీ దుకాణం దగ్గర తీరికగా కూర్చోనిచ్చి, ఆగినందుకు అదనంగా పైసా తీసుకోని సోదరుడికి కూడా నమస్కారాలు.

అమ్మ చెప్పి రాయించిన మాట ఒకటి ఉంది. ఎండలు ముదిరినందున తెలుగు చదువు ఇకమీదట సాయంత్రం కాకుండా ఉదయం ఏడింటికి మొదలవుతుంది. పిల్లలు పలకలు ఎవరివి వారు తెచ్చుకోవాలి. వీధి చివర ఇంట్లో కొత్తగా దిగిన వృద్ధ దంపతులను కూడా ఆ వేళకు రమ్మని ఎవరైనా దయచేసి చెప్పగలరు.