గాజు సీసాలు, పిచ్ పోటీ: మా ఖాతాదారులకు ఒక వివరణ

అనంతపురంలోని మా కట్టె గానుగ దుకాణంలో ఏళ్ళ తరబడి నూనె కొంటున్న మీకు, శ్రావణంలో మొదలుపెట్టిన గాజు సీసాల పద్ధతిని ప్రస్తుతానికి నిలిపివేశామని తెలియజేస్తున్నాను. మూతల దగ్గర నూనె కారి కొందరి సంచులు పాడయ్యాయి. “పనివాళ్ళకు పోటీలు పెట్టి, వాళ్ళు చెప్పినట్టు వ్యాపారం చేస్తే ఇలాగే ఉంటుంది” అన్న మాట టవర్ క్లాక్ దాటి నా చెవిదాకా వచ్చింది కనుక, ఈ నాలుగు ముక్కలు రాయక తప్పడం లేదు.

సీసాల ఆలోచన మా పిచ్ పోటీలో, అంటే పనివాళ్ళు జట్లుగా తమ ఆలోచన చెప్పి ఒప్పించే పోటీలో, పుట్టినదే. గానుగ దగ్గర పనిచేసేవారికి, కౌంటరులో కూర్చునేవారికి, ఇళ్ళకు సరుకు చేర్చేవారికి మధ్య మాటలు తక్కువగా, నిందలు ఎక్కువగా ఉండేవి. అందుకని చీట్లు తీసి, మూడు పనులవారినీ కలిపి జట్లు చేసి, ఒక్కో జట్టు ఒక ఆలోచనను ఖర్చు లెక్కతో సహా ఐదు నిమిషాల్లో చెప్పి అందరినీ ఒప్పించాలన్నాను. ఖాళీ సీసాలు వెనక్కి తీసుకుందామన్నది సరుకు చేర్చే కుర్రవాడు. సీసాకు ఎంత తగ్గించవచ్చో లెక్క కట్టినది కౌంటరులోని అమ్మాయి. కడిగిన సీసాలో తడి మిగిలితే నూనె ముక్క వాసన వస్తుందని, పూర్తిగా ఆరనిదే నింపకూడదని పట్టుబట్టినది గానుగ పెద్దాయన. ముగ్గురిలో ఏ ఒక్కరికీ విడిగా తోచే పథకం కాదది.

చెడినది సీసాలు సరఫరా చేసినవాడి దగ్గర. నమూనా సీసాకు మూత బిగువుగా పట్టింది. లోడులో వచ్చినవాటికి మెడ దగ్గర మర లోతు లేక, బిగించిన కొద్దీ మూత తిరుగుతూనే ఉంది. ఫోను చేస్తే “గాజు అన్నాక అంతే” అన్నాడు. నమూనాను పక్కన పెట్టి ఫోటోలు పంపితే బదులే లేదు. చివరికి ధర తగ్గిస్తానని, మైనం పూసి అమ్ముకోమని సలహా ఇచ్చాడు. పప్పు ఏరడం మొదలుకొని మడ్డి దిగేదాకా ఆగి వడగట్టే మాకు, ఆ మాట చెప్పడానికి ఆయనకు నోరెలా వచ్చిందో!

లోడు తిప్పి పంపితే అడ్వాన్సు పోతుంది; అంతకంటే, మావాళ్ళు కలిసి నిలబెట్టిన మొదటి పథకం ఆగిపోతుంది. ఉంచుకుంటే ఆ నూనె మరక వాళ్ళ పేరుకే అంటుతుంది. నిద్ర పట్టని రాత్రుల తరువాత, నిర్ణయం నాదేనని అందరి ముందూ చెప్పి, తిప్పి పంపాను.

మన ఖాతాదారులలో ఒక విశ్రాంత అధ్యాపకులు, పోటీ మనుషులను విడదీస్తుందని హెచ్చరిస్తూ, 1954లో సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షరీఫ్ అమెరికాలోని ఓక్లహోమాలో బాలుర శిబిరంలో చేసిన ప్రయోగాన్ని గుర్తుచేశారు. పోటీలతో రెండు జట్ల మధ్య వైరం పెరిగిన మాట నిజమే. కానీ నీటి సరఫరా ఆగినప్పుడు కలిసి పనిచేయవలసి రావడం వంటి ఉమ్మడి అవసరాలతోనే ఆ వైరం తగ్గిందని కూడా అదే ప్రయోగం చెబుతుంది. మా దగ్గరా ఓడిన జట్టు కొన్నాళ్ళు ముభావంగా ఉంది. గెలిచిన పథకాన్ని నడపడం మాత్రం అందరి పని అని నియమం పెట్టినది అందుకే. కారిన సీసాలు తుడవడానికి ముందుగా వచ్చినదీ ఓడినవారే.

కారిన సీసా అందినవారు రసీదు లేకపోయినా తీసుకురండి, అంత నూనే డబ్బాలో ఇస్తాము. మంచి సీసాలు దొరికేదాకా అమ్మకం డబ్బాల్లోనే. పోటీని మాత్రం ఆపను; కార్తీకం తరువాత జరిగేదానికి మార్కులు వేయడానికి ఇద్దరు ఖాతాదారులను పిలుస్తాము, ఎగతాళి చేసినవారికే మొదటి అవకాశం.